యాభై దాకా యౌవనం

"యువతే మన ఊపిరి! యువతే మన ఉనికి! యువత లేని నాడు ఈ సభే లేదు!"

నిష్కళంక యౌవన సేవకుల సభకు అధిపతి అయిన ఫాదర్ వెండెలిన్ ప్రతి ఆదివారం ప్రసంగాన్ని ఈ మూడు ముక్కలతోనే ముగించేవారు. ముందు వరసల్లోని ముసలమ్మలు ఆ మాటలకు కరిగిపోయి నల్ల ముసుగుల కింద కళ్ళు ఒత్తుకునేవారు. ఇంత గొప్ప మాట వినడానికి గుడిలో యువత అనేవాళ్ళు ఒక్కరూ లేరు. లోటల్లా అదొక్కటే!

బిర్న్‌డార్ఫ్‌లో బేరితోటల మధ్య ఉన్న ఆ మఠంలో గురువులు ముగ్గురు. ఒకరు అధిపతి. ఇంకొకరు కార్యదర్శి ఫాదర్ గెరోల్డ్. ఇక సభకు సభ్యుడంటూ మిగిలింది డెబ్బై ఎనిమిదేళ్ళ ఫాదర్ కిలియన్ ఒక్కరే. అధిపతి ఆజ్ఞలన్నీ ఆయన ఒక్కరే పాటించాలి, ఆయనకేమో చెవుడు. నచ్చని మాట దగ్గర మాత్రమే వచ్చే చెవుడు.

ఫాదర్ వెండెలిన్‌కు నలభై ఏడేళ్ళు. ముప్పై మూడు గుండీల నల్లటి అంగీ, నెత్తిన నాలుగు మూలల టోపీ, నోట లాటిన్. తాను పుట్టకముందే వెళ్ళిపోయిన కాలం కోసం ఆయన పడే బెంగ చూసి తీరవలసిందే. పూజ లాటిన్‌లోనే, పాట లాటిన్‌లోనే, కుక్కను అదిలించడం కూడా లాటిన్‌లోనే. కుక్కకు అది తప్ప వేరే భాష రాదని ఆయన గర్వంగా చెప్పుకునేవారు.

ఆయన ప్రాణమంతా భోజనశాలలో ఒక కుర్చీలో ఉండేది. సభను స్థాపించిన పెద్దాయన కూర్చున్న వాల్‌నట్ చెక్క కుర్చీ అది. చేతులు పెట్టుకునే చోట రెండు సింహాల తలలు. అధిపతి తప్ప మరొకరు అందులో కూర్చోరాదు. ఫాదర్ వెండెలిన్ దాంట్లో కూర్చుని, సింహాల తలల మీద చేతులు వేసి, మోస్ట్ అని అక్కడివాళ్ళు పిలిచే బేరిపండ్ల కల్లు ఒక్కో గుక్క తాగుతూ, యువత ఎలా చెడిపోతున్నదో వివరించేవారు.

ఆ కుర్చీకి ఎదురుగా, గోడ మీద, ఆయన స్వయంగా రచించి రంగులతో రాయించిన యువజన నియమాలు ఉండేవి. యువకుడు పెద్దలకంటే ముందు మాట్లాడరాదు. చేతుల కుర్చీలో కూర్చోరాదు. పులిసిన పానీయము ముట్టరాదు. ఏ అధికారమునూ కోరరాదు, వహించరాదు. పాటించేవాళ్ళే లేరు గనుక ఇన్నేళ్ళలో ఒక్క నియమమూ ఒక్కసారి కూడా ఉల్లంఘనకు గురి కాలేదు. క్రమశిక్షణ అంటే అదీ!

యువత రాకపోవడానికి కారణం ఆయనకు అంతుపట్టేది కాదు. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టించారు. పొట్టి నిక్కర్లతో, చేతుల్లేని చొక్కాలతో, చూయింగ్ గమ్‌తో, చెవిలో తీగలతో, బంతితో, సైకిలుతో లోపలికి రారాదు. యువతను ఇంతకంటే ఆప్యాయంగా ఎవరు పిలుస్తారు?

ఆ గేటు కమాను మీద రాతిలో చెక్కిన పెద్ద అక్షరాలు: యువెంటుస్. లాటిన్‌లో యువత అని అర్థం. ఊరి పిల్లలు మాత్రం దాన్ని ఇటలీ ఫుట్‌బాల్ జట్టు పేరుగా చదువుకున్నారు. అందుకే గేటు ముందున్న ఖాళీ స్థలంలో ఆడేవారు. అందుకే బంతి తరచూ గోడ దాటేది.

ఒక రోజు మధ్యాహ్న ప్రార్థన వేళ గంట గణగణ మోగింది. ఫాదర్ వెండెలిన్ వెళ్ళి గేటు తీస్తే, ఎదురుగా పదమూడేళ్ళ ఫ్రాంజి నిలబడి ఉంది. మోకాళ్ళ నిండా మట్టి.

"సెర్వుస్ ఫాదర్! బంతి లోపల పడింది."

"ముందు ఆ పలకరింపు మార్చు. గురువులు కనబడితే స్తోత్రం ఫాదర్ అనాలి. సెర్వుస్ ఏమిటి, పశువుల సంతలో లాగా!"

"స్తోత్రం ఫాదర్. బంతి లోపల పడింది."

"ప్రార్థన వేళ ఏమిటా గోల?"

"గోల కాదు ఫాదర్, గోల్! నేనే వేశా. కొంచెం పైనుంచి పోయిందంతే."

"బంతి ఇవ్వబడదు."

"మరి గేటు మీద అంతంత అక్షరాలతో యువెంటుస్ అని ఎందుకు రాసుకున్నారు? బంతే ఇవ్వనివాళ్ళకి ఆ పేరెందుకు?"

"అది ఆటల పేరు కాదే! యువత అని అర్థం."

"యువతంటే మేమే కదా?"

ఫాదర్ వెండెలిన్ ఏడేళ్ళు వేదాంతం చదివారు. ఆ ఏడేళ్ళలో ఈ ప్రశ్న ఎక్కడా తగల్లేదు. గేటు మూసేశారు. బంతి గుడి వెనక గదిలోని బీరువాకు చేరింది. అక్కడ ఊదా రంగు పూజావస్త్రాల కింద అంతకుముందు పట్టుబడ్డ బంతులు బోలెడున్నాయి.

వరండాలో జపమాల తిప్పుకుంటున్న ఫాదర్ కిలియన్ కళ్ళు తెరవకుండానే అన్నారు.

"సెర్వుస్ అంటే లాటిన్‌లో మీ దాసుణ్ణి అనే కదండీ అధిపతిగారూ?"

"అయితే?"

"ఏం లేదు. ఈ వాకిట్లో కుర్రకారు నోట వినబడే లాటిన్ ముక్క అదొక్కటే. దాన్ని కూడా మాన్పించేశారు."

ఆ వారంలోనే మేత్రాణులవారి, అంటే బిషప్‌గారి, కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. అవతల కానన్ జెహెట్నర్. మేత్రాణులవారి తరఫున మఠాలను తనిఖీ చేసే పెద్దమనిషి. గొంతు పెంచరు. పెంచాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

"మేత్రాణులవారికి చిన్న సందేహం కలిగింది ఫాదర్. మీ యువజన సభలో యువజనులు ఎంతమంది?"

"ఆత్మలో అయితే లెక్కలేనంతమంది!"

"శరీరంలో?"

ఫాదర్ వెండెలిన్‌కు దగ్గు వచ్చింది.

"మీ సభకు ఇచ్చిన అనుమతిలో కనీసం పన్నెండుగురు అని ఉంది. పెంతెకొస్తు పండగ తర్వాత మూడో ఆదివారం భోజనానికి వస్తాను. పన్నెండుగురు కనబడితే సంతోషం. లేకపోతే భవనం మేత్రాణులవారిది అవుతుంది. అక్కడ వృద్ధాశ్రమం పెట్టాలని ఆలోచన."

ఈ సంగతి విని ఫాదర్ కిలియన్, "పోన్లెండి, నాకు గది మారే శ్రమ కూడా ఉండదు," అన్నారు.

ముగ్గురితో సభా సమావేశం జరిగింది. ఫాదర్ వెండెలిన్ సింహాల తలలు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. ఆ కుర్చీలో ఎవరో పళ్ళు లేని తాత కూర్చుని గంజి తాగుతున్నట్టు రాత్రే కల వచ్చింది ఆయనకు.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నారు ఫాదర్ కిలియన్. "గేటు తెరవండి. బీరువా తెరవండి. బంతులు ఇచ్చేయండి. సాయంత్రానికి పన్నెండుగురు కాదు, పాతికమంది వస్తారు."

"ఆ నిక్కర్లతోనా! ఆ జుట్లతోనా! ఫాదర్ కిలియన్, మనం యువతకు అంకితమైనవాళ్ళం. ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఇక్కడ యువతలా ప్రవర్తిస్తామంటే ఊరుకోవడానికి లేదు."

అప్పుడు ఫాదర్ గెరోల్డ్ గొంతు సవరించుకున్నారు. అధిపతికి ఏం కావాలో అధిపతి కంటే ముందే గ్రహించడం ఆయనకున్న ప్రత్యేక వరం.

"అధిపతిగారూ, అసలు యువత అంటే ఎవరు? ఈ కాలం వార్తాపత్రికలు చెప్పిందా, మన లాటిన్ పెద్దలు చెప్పిందా? పాత పండితులు మనిషి ఆయుష్షును భాగాలు చేశారు. ఏడేళ్ళ దాకా శైశవం. పధ్నాలుగు దాకా బాల్యం. ఇరవై ఎనిమిది దాకా కౌమారం. ఆ పైన, యాభై నిండేదాకా..."

"యాభై నిండేదాకా?"

"యువెంటుస్!"

ఫాదర్ వెండెలిన్ లేచి నిలబడ్డారు. ముఖం వెలిగిపోయింది.

"అంటే... బయట బంతి తన్నేవాళ్ళు అసలు యువతే కారన్నమాట!"

"ఎలా అవుతారండీ? పదమూడేళ్ళ పిల్లకి యౌవనం ఎక్కడిది?"

"గెరోల్డ్, సంప్రదాయం మనల్ని కాపాడింది!"

మర్నాడే ఆజ్ఞ వెలువడింది. లాటిన్‌లో, వేదిక మీది నుంచి, ధూపం వేసి మరీ. ఈ సభ పరిధిలో ఇరవై ఎనిమిది నిండి, యాభై నిండని ప్రతివారూ యువతగా పరిగణింపబడుదురు. మారని సత్యం గనుక మార్చుటకు వీలులేదు!

బిర్న్‌డార్ఫ్‌లో యౌవనం అంటువ్యాధిలా పాకింది. మాంసం కొట్టు ఎంగెల్బర్ట్‌కు నలభై ఆరు. ఆదివారం పూజకు వచ్చే మగవాళ్ళలో మెలకువగా ఉండేది అతనొక్కడే గనుక అతన్ని యువజన నాయకుణ్ణి చేశారు. పొట్టి నిక్కరు నిషేధం గాని, తోలు నిక్కరు సంప్రదాయం. పెళ్ళిలో కుట్టించిన తోలు నిక్కరులోకి ఎంగెల్బర్ట్‌ను దించడానికి భార్య, బావమరిది కలిసి ఒక పూటంతా కష్టపడ్డారు.

"ఊపిరాడట్లేదు ఫాదర్."

"యౌవనంలో అలాగే ఉంటుంది నాయనా. నిగ్రహం కావాలి."

పూలకొట్టు హిల్ట్రూడమ్మకు నలభై తొమ్మిది. తాను యువతి అని లాటిన్‌లో తేలిందని తెలిసిన దగ్గర్నుంచి ఆమె రెండు జడలు వేసుకుని తిరగసాగింది. ఆడ యువత, మగ యువత కలవకుండా మధ్యలో తాడు కట్టించారు. కలిసే ఉద్దేశం తాడుకు రెండు వైపులా ఎవరికీ లేదు. అయినా తాడు తాడే.

మఠంలో వంట చేసే రోస్విటమ్మకే గుండె మండింది. ఆమెకు యాభై రెండు.

"నేను పనికిరానా ఫాదర్? ఈ గుడి నేల తుడిచి తుడిచి నా మోకాళ్ళు అరిగిపోయాయి."

"నువ్వు పెద్దదానివమ్మా. పెద్దల వరసలోకి వస్తావు."

"ఆ పూలకొట్టుదాని పెద్దకొడుక్కి పెళ్ళయిపోయింది! మనవణ్ణి చంకనేసుకుని అది యువతి, నేను ముసలిదాన్నీనా?"

"రోస్విటమ్మా, సత్యం మారదు."

"మారదా? చూద్దాం," అని ఆమె గరిటె ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంత చేసినా లెక్క పది దగ్గర ఆగిపోయింది. యాభై లోపువాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు గాని, వాళ్ళకు ఆదివారం వేరే పనులున్నాయి. శనివారం సాయంత్రం ఫాదర్ గెరోల్డ్ మెల్లగా అన్నారు.

"ఆజ్ఞలో చిన్న మాట చేరిస్తే సరి. చేర్చడం మార్చడం కిందికి రాదు. 'గృహస్థులైననూ గురువులైననూ, ఏ మినహాయింపూ లేక' అని. నాకు నలభై నాలుగు. పదకొండు అవుతుంది."

"పన్నెండో మనిషి?"

ఫాదర్ గెరోల్డ్ వినయంగా తల వంచుకుని అధిపతి బూట్ల వైపు చూశారు.

"నేనా?"

"లెక్క కోసమేనండి. ఎవరు చూస్తారు!"

ఫాదర్ వెండెలిన్ ఆ మాట చేర్చి ముద్ర వేశారు. వేసి, అద్దంలో చూసుకున్నారు. నిజమే, ఒక పక్కనుంచి చూస్తే అంత వయసు కనబడదు.

ఆదివారం కానన్ జెహెట్నర్ నడిచి వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు. గేటు ముందు ఫ్రాంజి బృందం ఆడుతోంది. ఈసారి బంతి లేక, ఎవరిదో పాత చెప్పును తన్నుకుంటున్నారు. ఆయన కాసేపు నిలబడి చూశారు.

"వీళ్ళెవరు ఫాదర్?"

"వీళ్ళా? ఊరి పిల్లలండి. యువత లోపల ఉంది."

లోపల యువత వరసగా నిలబడి ఉంది. తోలు నిక్కర్లు, తెల్లటి కాళ్ళు, మెడలో రుమాళ్ళు. హిల్ట్రూడమ్మ తాడుకు అవతల జడ ముందుకు వేసుకుని సిగ్గుపడుతోంది. పట్టపగలు చలిమంట వేసి పాట మొదలుపెట్టారు. రెండో చరణం దగ్గర ముగ్గురు కళ్ళజోళ్ళు వెతుక్కున్నారు. ఒకాయన రక్తపోటు మాత్ర వేళయిందని అనుమతి అడిగి పక్కకు తప్పుకున్నాడు.

కానన్ ఎంగెల్బర్ట్ ముందు ఆగారు.

"ఏం చదువుతున్నావు నాయనా?"

"మాంసం కొట్టండి."

"చదువు?"

"చదువు మా పెద్దోడండి. ఇంజినీరింగు."

కానన్ తల ఊపారు. ముఖంలో ఏ మార్పూ లేదు. ఫాదర్ వెండెలిన్‌కు ధైర్యం వచ్చింది. భోజనశాలకు తీసుకువెళ్ళి తాను సింహాల కుర్చీలో, కానన్ పక్క కుర్చీలో కూర్చున్నారు. రోస్విటమ్మ మాంసం కూరిన ఉడుకుడుకు పిండి ముద్దలు, పుల్లటి క్యాబేజీ వడ్డించింది. కానన్ ఆజ్ఞ అడిగి తీసుకుని, లాటిన్ మొత్తం ఓపిగ్గా చదివారు.

"చాలా బాగుంది. మార్చడానికి వీల్లేదని కూడా రాశారు."

"సత్యం కదండీ!"

"మినహాయింపులు కూడా లేవు."

"సంప్రదాయంలో మినహాయింపులు ఉండవండి!"

"బయట పదిమందిని చూశాను. ఫాదర్ గెరోల్డ్‌తో పదకొండు. పన్నెండోవారు?"

ఫాదర్ వెండెలిన్ కల్లు గ్లాసు పెదవుల దాకా తెచ్చుకుని, దాని వెనకనుంచి మెల్లగా అన్నారు.

"నేనే."

కానన్ ఫోర్కు కింద పెట్టారు. తల ఎత్తి గోడ వైపు చూశారు. పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్క నియమం పైకి చదివారు. యువకుడు చేతుల కుర్చీలో కూర్చోరాదు. పులిసిన పానీయము ముట్టరాదు. ఏ అధికారమునూ కోరరాదు, వహించరాదు.

"ఎవరు రాశారివి?"

"నే... నేనే రాశానండి."

"ఎంత చక్కగా రాశారు! అయితే ఫాదర్, చిన్న చిక్కుంది. మీరు యువకులైతే అధిపతి కారు. అధిపతి అయితే యువత పదకొండే, మఠం ఉండదు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి. తొందరేం లేదు. కాఫీ వచ్చేలోపు చాలు."

"ఆజ్ఞను కొంచెం సవరిస్తే..."

"వీల్లేదని మీరే రాశారు. వీలున్నా అధిపతి సంతకం కావాలి. అధిపతి ఎవరో తేలాలి కదా."

ఫాదర్ వెండెలిన్ చేతుల కింద సింహాల తలలు తడిసిపోయాయి. అధిపతిని అంటే మఠం పోతుంది, కుర్చీలో పళ్ళు లేని తాత కూర్చుంటాడు. యువకుణ్ణి అంటే కుర్చీ ఈ గదిలోనే, ఈ గోడకే ఉంటుంది. మూడేళ్ళు! యాభై నిండగానే మళ్ళీ తనదే. మూడేళ్ళెంతలో గడుస్తాయి? వంటగదిలో కాఫీ గిన్నె దించిన చప్పుడు వినబడింది.

"యు... యువకుణ్ణే!"

గుమ్మంలో తొంగి చూస్తున్న ఎంగెల్బర్ట్ చప్పట్లు కొట్టాడు. "వచ్చేశావా మాలోకి! నిక్కరు మా బావమరిదిది ఇంకోటుంది, ఇప్పిస్తాలే!"

రోస్విటమ్మ కాఫీ పళ్ళెం కింద పెట్టి, ఆయన ముందునుంచి కల్లు గ్లాసు సుతారంగా లాగేసుకుంది. దాని స్థానంలో చిన్నపిల్లలకిచ్చే ఎర్రటి రాస్‌బెర్రీ నీళ్ళు పెట్టింది.

"తాగు బాబూ. పెద్దదాన్ని చెబుతున్నా."

ఆ గదిలో యాభై దాటిన గురువు, కానన్ కాక, ఒక్కరే మిగిలారు. ఫాదర్ కిలియన్‌కు ఆ రోజు చెవుడు అస్సలు లేదు. అధిపతిగా నియమిస్తున్నామని కానన్ అనగానే "అలాగే" అని, చెయ్యి చాచారు.

"ఒరే అబ్బాయ్ వెండెలిన్, ఆ బీరువా తాళంచెవి ఇలా ఇవ్వు."

ఫాదర్ వెండెలిన్ నోరు తెరిచారు. పెద్దలు ముందు మాట్లాడేశారు గనుక నియమం అడ్డు రాదు. కాని నోటికంటే ముందు చెయ్యే జేబులోకి పోయింది. తాళంచెవి ఇచ్చారు.

గేటు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. బోర్డు చలిమంటలోకి పోయింది. పిల్లలు "సెర్వుస్! సెర్వుస్!" అని అరుచుకుంటూ వాకిట్లో పడ్డారు. కానన్ గొడుగు పట్టుకుని వెళ్ళిపోతూ ఆగి, "వీళ్ళకి లాటిన్ బాగానే వచ్చే!" అన్నారు. ఫాదర్ గెరోల్డ్ అప్పటికే ఫాదర్ కిలియన్ వెనక నిలబడి, ఆయనకు ఏం కావాలో గ్రహించే ప్రయత్నంలో ఉన్నారు.

"ఆ కుర్చీ బయటికి తెప్పించు గెరోల్డ్."

"వాకిట్లో కూర్చుంటారా అధిపతిగారూ?"

"నాకెందుకయ్యా, నడుం నొప్పి. గోల్‌కి ఒక పక్క చెట్టుంది, ఇంకో పక్క ఏమీ లేదు. అది గట్టిగా ఉంటుంది."

రెండు సింహాలతో సహా కుర్చీ వచ్చి చెట్టుకు ఎదురుగా నిలబడింది. ఫాదర్ వెండెలిన్ ముప్పై మూడు గుండీలతో పరుగున వచ్చారు. ఫ్రాంజి బంతి పాదం కింద పెట్టుకుని గురి చూస్తోంది.

"ఆగు! నేను... నేను గోల్ దగ్గర నిలబడతాను. నన్ను కూడా చేర్చుకోండి."

"మీరా?" ఫ్రాంజి ఆయన్ని కింది నుంచి పైకి చూసింది. "మీకెన్నేళ్ళు?"

"నలభై ఏడు. కాని నేను యువకుణ్ణి. ఆజ్ఞ ఉంది! లాటిన్‌లో ఉంది! ముద్ర కూడా వేసి ఉంది!"

పిల్లలందరూ ఒకరినొకరు చూసుకుని ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఫ్రాంజి నవ్వలేదు. ఆయన్ని చూస్తే జాలేసింది. గేటు కమాను వైపు వేలు చూపించింది.

"అక్కడ యువెంటుస్ అని రాసుంది ఫాదర్. ముసలాళ్ళని చేర్చుకోం. కొంచెం పక్కకి జరగండి తాతా, దెబ్బ తగుల్తుంది. సెర్వుస్!"

ఆయన పక్కకు జరిగారు. బంతి దూసుకు వచ్చి సింహం తలకు తగిలి లోపలికి పోయింది.